తప్పు రక్తానిదా, దాణాదా?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర ఒక పల్లె. నాలుగేళ్ల కిందట ఒక హ్యాచరీ నుంచి కౌజు పిల్లలు తెచ్చి షెడ్డు మొదలుపెట్టాం. అప్పట్నుంచి బయటి పిట్ట ఒక్కటి కూడా తేలేదు. ప్రతి బ్యాచ్‌లో బాగా ఒళ్లు చేసిన 60 ఆడ పిట్టల్ని, 8 మగ పిట్టల్ని ఆపుకొని మిగతావి మాంసానికి అమ్ముతాం. మొదట్లో ఇంక్యుబేటర్‌లో వంద గుడ్లు పెడితే 70కి పైగా పిల్లలు దిగేవి. ఇప్పుడు 45 దాటట్లేదు. గుడ్లు చిన్నవైపోయాయి. పెంకు పలచబడి ట్రేలోనే చిట్లుతోంది. మచ్చల్లేని తెల్ల గుడ్లు కూడా అక్కడక్కడ వస్తున్నాయి. రెండేళ్లుగా బ్రాయిలర్ దాణానే వేస్తున్నాం. తోటి రైతులు 'రక్తం చెడింది, మొత్తం తీసేయ్' అంటున్నారు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మా అబ్బాయేమో, పోయిన ఎండాకాలం తల్లులు పడ్డ బాధ జన్యువుల మీద గుర్తుగా మిగిలి మనవరాళ్ల గుడ్ల దాకా వస్తుందని, దాన్ని ఎపిజెనెటిక్స్ అంటారని చెబుతున్నాడు. పిట్టల్ని ఉంచాలా, తీసేయాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: తీసేయకండి. కనీసం ఈ నెల తీసేయకండి. మీరు రాసినవి నాలుగు ఫిర్యాదులు. పెంకు పలచబడటం, గుడ్డు చిన్నదవడం, పిల్లలు దిగకపోవడం, తెల్ల గుడ్లు. అన్నీ ఒక్కసారే కనిపిస్తున్నాయి కాబట్టి ఒకటే కారణం అనుకుంటున్నారు. విడదీసి చూస్తే మీ పక్క రైతుల మాట కొంత నిజం, మీ అబ్బాయి మాట కొంత నిజం. ఇద్దరూ చూడనిది మీ దాణా బస్తా.

పెంకుతో మొదలుపెడదాం, అది తేలిక. గుడ్డు పెట్టే కౌజుకు దాణాలో రెండున్నర నుంచి మూడు శాతం కాల్షియం కావాలి. బ్రాయిలర్ దాణాలో ఉండేది సుమారు ఒక శాతం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. మాంసం పెంచుకొని ఆరేడు వారాల్లో వెళ్లిపోయే కోడికి అది చాలు. దాదాపు రోజూ గుడ్డు పెట్టే పిట్టకు చాలదు. కొన్నాళ్లు తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది, ఆ తర్వాత పలచగా కడుతుంది. పైన ఎండాకాలం. నోరు తెరిచి రొప్పే పిట్ట ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, పెంకు కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్‌కు కరువొస్తుంది. రెండూ కలిస్తే ట్రేలో గుడ్డు చిట్లకపోతేనే ఆశ్చర్యం.

'తల్లులకీ పలచని పెంకే, కూతుళ్లకీ పలచని పెంకే, మరి ఇది వారసత్వం కాదా?' అని మీరు అడగొచ్చు. తల్లీ కూతురూ ఒకే వంటింట్లో తింటున్నారు కదండీ. వంటలో ఉప్పు తక్కువైతే ఇంట్లో అందరికీ చప్పగానే ఉంటుంది, దానికి వంశం ఏం చేస్తుంది?

గుడ్లు పెట్టే పిట్టల వరకు, ఉన్న దాణాలోనే 100 కిలోలకు నాలుగున్నర నుంచి ఐదు కిలోల సున్నపురాయి గ్రిట్ కలపండి. మెత్తటి పొడి కన్నా రవ్వలా ఉన్నది మంచిది, కడుపులో నెమ్మదిగా కరుగుతూ రాత్రి పెంకు కట్టే వేళకు అందుతుంది. ఐదు వారాల లోపు పిల్లలకు మాత్రం ఇది పెట్టొద్దు, ఎక్కువ కాల్షియం వాటి మూత్రపిండాలను పాడు చేస్తుంది. కోళ్ల లేయర్ దాణాకు మారదామా అంటారేమో. అందులో కాల్షియం ఉంటుంది కానీ ప్రోటీన్ తక్కువ. కౌజుకు 20 శాతం దాకా కావాలి. అన్నట్టు కౌజులు ఎక్కువగా మధ్యాహ్నం మూడు దాటాక, సాయంత్రం లోపల పెడతాయి. గుడ్లు పొద్దున ఏరుతుంటే అవి రాత్రంతా కాళ్ల కింద పడి ఉన్నట్టే.

ఇక తెల్ల గుడ్లు. ఇక్కడ ఇద్దరు అనుమానితులున్నారు. దాణా బస్తా మీద అంటించిన చీటీ చదవండి. బ్రాయిలర్ దాణాల్లో కాక్సీడియా (పేగుల్లో చేరే పరాన్నజీవి) రాకుండా మందు కలుపుతారు. అందులో నైకార్బజిన్ అన్న పేరు ఉందా చూడండి. గోధుమ రంగు గుడ్లు పెట్టే కోళ్లు ఈ మందు తింటే పెంకు రంగు వెలిసిపోతుంది, పిల్లలు దిగడమూ తగ్గుతుంది. ఇది కోళ్లలో ఎప్పట్నుంచో తెలిసిన సంగతి. కౌజు గుడ్డు మీది గోధుమ మచ్చల్లో ఉన్నదీ ఆ రంగు పదార్థమే. ఆ పేరు కనిపిస్తే, గుడ్లు పెట్టే పిట్టలకు ఆ బస్తా ఆ పూటే ఆపేయండి.

రెండో అనుమానితుడు నిజంగా జన్యువే. కౌజుల్లో తెల్ల పెంకుకు ఒక దాగి ఉండే జన్యువు ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అదే వస్తేనే ఆ పిట్ట తెల్ల గుడ్డు పెడుతుంది. ఒకటే వస్తే మామూలు మచ్చల గుడ్డే పెడుతూ, ఆ జన్యువును గుట్టుగా పిల్లలకు ఇస్తుంది. ఇప్పుడు కొందరు ముచ్చటపడి పెంచుతున్న ఆకాశనీలం గుడ్ల కౌజులదీ ఇలాంటి కథే. ఈ ఇద్దరిలో ఎవరో కనిపెట్టడం కష్టమేం కాదు. కౌజు గుడ్డు మీది మచ్చల తీరు ఆ పిట్ట సంతకం లాంటిది, రోజూ దాదాపు అదే తీరు పడుతుంది. పది పిట్టల్ని విడివిడిగా పెట్టి వారం చూడండి. ఒకే పిట్ట రోజూ తెల్లగా పెడుతూ మిగతావి మామూలుగా ఉంటే జన్యువు. చాలా పిట్టల మచ్చలు ఒక్కసారే వెలిసిపోతే మందో, బెదురో, జబ్బో.

ఆ తెల్లదనం జన్యువుదే అయితే, 'రక్తం చెడింది' అన్న మీ పక్క రైతుల మాటకు అది సాక్ష్యం. ఎందుకంటే దాగిన జన్యువులు రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకునేది ఎక్కువగా చుట్టరికంలోనే. మన ఇళ్లలో మేనరికాలు తెలిసినవే కదా. మేనత్త కొడుకుని చేసుకుంటే పుట్టే పిల్లల్లో, ఏ జన్యువు తీసుకున్నా దాని రెండు ప్రతులూ ఒకే ముత్తాత నుంచో ముత్తవ్వ నుంచో వచ్చే అవకాశం 6.25 శాతం. మేనమామని చేసుకుంటే 12.5 శాతం. తోడబుట్టిన వాటినే జత కడితే 25 శాతం. ఇప్పుడు మీ షెడ్డు లెక్క కడదాం. మగ పిట్టల సంఖ్యను 8తో గుణించి, వచ్చినదానితో ఒకటిని భాగించండి. ఆడ పిట్టలకూ అలాగే చేసి రెండూ కలపండి. 8 మగ, 60 ఆడ పిట్టలకు తరానికి చుట్టరికం సుమారు 1.8 శాతం పెరుగుతుందని వస్తుంది. చిన్న అంకెలా ఉంది. కానీ కౌజు ఆరేడు వారాలకే గుడ్డుకొస్తుంది, 17, 18 రోజుల్లో పిల్ల దిగుతుంది. ఏడాదికి మూడు తరాలు అనుకున్నా నాలుగేళ్లకు 12 తరాలు. మొత్తం 19 శాతం చిల్లర. మేనమామ పెళ్లి ఎప్పుడో దాటిపోయారు.

దీనికి కౌజు తట్టుకోలేదు. కోళ్లకన్నా దీనికి చుట్టరికం పడదు. 1966లో కాలిఫోర్నియా పరిశోధకులు తోడబుట్టిన కౌజుల్ని తరతరాలుగా జత కట్టి చూస్తే, కొద్ది తరాలకే గుడ్లు పొదగడం, పిల్లలు బతకడం పడిపోయి వంశాలే నిలవలేదు. మన దేశానికి 1974లో ఈ జపాన్ కౌజుల్ని బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌కు తెచ్చింది కూడా ఆ కాలిఫోర్నియా నుంచే. హెచ్చరికా పిట్టా ఒకే చోటు నుంచి వచ్చాయి, మనం పిట్టని తెచ్చుకుని హెచ్చరికని వదిలేశాం.

పైగా నేను కట్టిన లెక్క, మీ 8 మగ పిట్టలు వేర్వేరు తల్లుల పిల్లలైతేనే. 'బాగా ఒళ్లు చేసినవి' ఆపుకొంటామన్నారు. ఈ తప్పు నేనూ చేశాను. పెరట్లో ముప్పై కౌజులు పెంచే రోజుల్లో ఐదో వారంలో బరువైన మగ పిల్లల్ని ఏరి గర్వంగా ఉంచుకున్నాను. తర్వాత గుడ్ల మచ్చలు పోల్చి చూస్తే, వాటిలో సగం ఒకే ముసలి పిట్ట సంతానం. ముసలి పిట్ట గుడ్డు పెద్దది. పెద్ద గుడ్డులోంచి పెద్ద పిల్ల దిగుతుంది, ఎందుకంటే దిగిన పిల్ల బరువు గుడ్డు బరువులో మూడింట రెండొంతుల దగ్గర ఉంటుంది. అంటే నేను ఏరింది మంచి జాతిని కాదు, తల్లి వయసుని. ఆ పెద్ద పుంజులు జత కట్టడంలోనూ బద్ధకమే, అది వేరే బాధ.

మీ మగ పిట్టల గురించి ఇంకో మాట. ఏడెనిమిది ఆడ పిట్టలకు ఒక మగ పిట్ట చాలదు. రెండు మూడింటికి ఒకటి ఉండాలి. మీ వందలో పిల్ల దిగని 55 గుడ్లలో కొన్నింటికి అసలు మగ పిట్ట తగిలే ఉండదు. తగలని గుడ్డుకి చుట్టరికం దోషం అంటగట్టలేం.

గుడ్డు అనగానే అందరూ ఆడ పిట్టనే చూస్తారు. గుడ్డు బరువు, పెంకు మందం, మచ్చలు, వీటన్నిటి జన్యువుల్లో సగం తండ్రివి, ఆయన ఒక్క గుడ్డు పెట్టకపోయినా. నిజానికి సగం కన్నా కాస్త ఎక్కువే. పక్షుల్లో ఆడా మగా తేల్చే జెడ్ క్రోమోజోమ్ ఆడదానికి ఒకటే ఉంటుంది, అది తండ్రి నుంచే వస్తుంది. తల్లి జెడ్ కొడుకులకే పోతుంది. అంటే ఆ క్రోమోజోమ్ మీద ఉన్న గుడ్డు గుణం ఏదైనా తల్లి నుంచి కూతురికి నేరుగా రాదు, కొడుకు గుండా మనవరాలికి చేరుతుంది. కాబట్టి మగ పిట్టని దాని ఒళ్లు చూసి కాదు, దాని అక్కచెల్లెళ్ల గుడ్లు చూసి ఎంచుకోవాలి. ఇంకో తిరకాసు, పెంకు కట్టేది తల్లి. అందుకని ఈ రోజు ట్రేలో ఉన్న గుడ్డు పెంకు చూస్తే తల్లి సంగతి తెలుస్తుంది గానీ లోపలి పిల్ల సంగతి తెలియదు. మీరు కొత్త పుంజుని తెచ్చాక దాని ప్రభావం పెంకు మీద కనిపించేది దాని కూతుళ్లు గుడ్డుకొచ్చినప్పుడే. వారంలో గుడ్లు మారలేదని ఆ పుంజుని తిట్టకండి.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. ముందు శభాష్ అనండి, కాలేజీలో నిద్రపోవట్లేదు.

తల్లి పిట్ట కూతురికి జన్యువులే కాదు, సారె కూడా పంపుతుంది. గుడ్డులోని విటమిన్లు, ఖనిజాలు, హార్మోన్లు, రోగాన్ని తట్టుకునే యాంటీబాడీలు, అన్నీ ఆ సారెలోవే. తల్లి దాణాలో బి2 విటమిన్ తక్కువైతే పిల్ల గుడ్డులోనే చనిపోతుంది, దిగినా కాలి వేళ్లు ముడుచుకుపోతాయి. బ్రాయిలర్ దాణాలోని విటమిన్ల పాళ్లు పొదిగే గుడ్లను తలచుకొని వేసినవి కావు, కాబట్టి మీ హ్యాచ్ పడిపోవడంలో దీనికీ వాటా ఉంటుంది. ఫ్రాన్స్‌లో కౌజు తల్లుల్ని రకరకాలుగా బెదరగొట్టి చూస్తే పచ్చసొనలో హార్మోన్ల పాళ్లు మారాయి, పిల్లలు ఎక్కువ భయస్థులుగా తేలాయి. ఇదంతా తల్లి ప్రభావం. సారె బాగు చేస్తే మరుసటి తరమే బాగుపడుతుంది. జన్యువు మీద ఏ గుర్తూ పడనక్కర్లేదు.

ఎపిజెనెటిక్స్ అసలు మాట దీనికి ఒక మెట్టు పైన. మీకు పదెకరాలుందనుకోండి. హద్దులు అవే, సర్వే నంబర్లు అవే. కానీ ఒక కరువు ఏడు మీరు రెండు మడులు బీడు వదిలారు. మీ అబ్బాయికి పొలం వస్తుంది సరే, 'ఆ రెండు మడులు బీడుగానే ఉంచాలి' అన్న అలవాటు కూడా వస్తుందా? జన్యువు అక్షరాలు మారకుండా, డీఎన్‌ఏ మీద అంటుకునే మిథైల్ గుర్తుల వల్ల ఏ జన్యువు పనిచేయాలి, ఏది పడుకోవాలి అన్నది మారుతుంది. ఆ మార్పు తరాలు దాటుతుందా అన్నదే ప్రశ్న.

కౌజుల్లో దీని మీద మంచి పరీక్ష ఒకటి ఫ్రాన్స్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు చేసి 2017లో ప్రచురించారు. జన్యువుల తేడా రాకుండా, ఒకే మూలం నుంచి వచ్చిన గుడ్లను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి సోయాలో ఉండే జెనిస్టీన్ అనే పదార్థాన్ని సూదితో ఎక్కించారు. ఆ తర్వాతి తరాలకు ఏమీ ఎక్కించలేదు, రెండు వంశాల్నీ ఒకేలా పెంచారు. మూడు తరాల తర్వాత కూడా తేడాలు కనిపించాయి. తొలి గుడ్డు పెట్టే వయసులోనే సగటున 8 రోజుల తేడా. మూడో తరం దాకా ఎందుకు ఆగారంటే, గుడ్డులో పెరుగుతున్న ఆడపిల్ల ఒంట్లో దాని గుడ్లకు మూలమైన కణాలు అప్పటికే ఉంటాయి. సూది పడ్డప్పుడు అవీ ఆ మందు తాగినట్టే. ముత్తవ్వకు తగిలిన దెబ్బ ఇంక ఏ విధంగానూ నేరుగా తగలని తరంలో కూడా కనిపిస్తేనే దాన్ని వారసత్వం అనాలి. మీ అబ్బాయికి ఈ ముక్క చెప్పండి. పోయిన ఎండాకాలం తల్లులకు తగిలింది, వాటి కడుపులోని గుడ్లకూ తగిలింది. ఆ కూతుళ్ల గుడ్లు బాగాలేవంటే అది ఇంకా తొలి దెబ్బే.

ఇది చదివి సోయా చెక్క మానేయకండి. గుడ్డులోకి సూదితో ఎక్కించడం వేరు, దాణాలో తినడం వేరు. సోయా లేకుండా 20 శాతం ప్రోటీన్ తేవడం మీకు కష్టం.

నా అంచనా చెప్పమంటే, మీ షెడ్డులో పెంకు కష్టం దాదాపు అంతా దాణాది, ఎండది. హ్యాచ్ కష్టంలో పెద్ద వాటా చుట్టరికానిది, మగ పిట్టల కొరతది, మిగతాది తల్లి సారెది. గుడ్డు చిన్నబోవడంలో దాణా, చుట్టరికం రెండూ ఉన్నాయి. ఎపిజెనెటిక్స్ వాటా ఉన్నా, వీటి కింద అది మీకు కనబడదు.

ఈ అంచనాను నమ్మక్కర్లేదు, పరీక్షించండి. ఇంక్యుబేటర్‌లో మిగిలిపోయిన గుడ్లను 19వ రోజున పారేయకుండా ఒక్కొక్కటీ పగలగొట్టి చూడండి. వాసన భరించాలి. లోపల మామూలు పచ్చసొన తప్ప ఏమీ లేకపోతే అది మగ పిట్ట తగలని గుడ్డు. నెత్తుటి వలయంలా కనిపిస్తే మొదటి రోజుల్లోనే పోయింది. ఇందులో చుట్టరికం ఉండొచ్చు, గుడ్లు వారానికి మించి నిల్వ పెట్టి ఉండొచ్చు. పిల్ల పూర్తిగా తయారై పోయి ఉంటే తేమ, వేడి, విటమిన్లు చూడాలి. మూడు గీతలు గీసి లెక్క రాసుకోండి.

ఇంకో పరీక్షకు కొంచెం ఖర్చు. వేరే మూలం నుంచి ఒక 60, 70 పిల్లలు తెండి. తెచ్చే ముందు ఆ హ్యాచరీ వాళ్లు తల్లి పిట్టల్ని ఎక్కడ తెచ్చుకున్నారో అడగండి. మీరు తెచ్చిన చోటు నుంచే అయితే డబ్బులు దండగ. మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. మూడో వారానికి రొమ్ము ఈకల్ని బట్టి మగా ఆడా తెలిసిపోతుంది, ఎర్రగోధుమ రంగు మగది, నల్ల చుక్కలున్నది ఆడది. ఆ ఆడ పిట్టల్లో సగానికి మీ పాత దాణా, సగానికి సున్నపురాయి కలిపిన కొత్త దాణా పెట్టండి. పాత దాణా తిన్న బయటి పిట్టలు కూడా పలచని పెంకే పెడితే రక్తం మీద కేసు కొట్టేసినట్టే.

వాటిలో వచ్చిన మగ పిట్టలే మీకు అసలు మందు. మీ 60 ఆడ పిట్టల్ని ఉంచుకొని, మీ 8 మగ పిట్టల్ని అమ్మేసి, 20కి తగ్గకుండా ఈ కొత్త వాటిని వేయండి. చుట్టం కానివాళ్లతో జత కడితే పుట్టే పిల్లల్లో చుట్టరికం ఒక్క తరంలో సున్నా అవుతుంది. గుడ్డు బరువు లాంటి గుణాలు ఎంపికతో బాగా కదులుతాయి. పిల్లలు దిగే శాతం ఎంపికకు అంతగా లొంగదు, ఇలా బయటి రక్తం కలిపితే లేస్తుంది. ఒక ఓపిక మాత్రం కావాలి. తొలి తరంలో పిల్ల కొత్తదైనా, గుడ్డు కట్టింది ఆ పాత తల్లే. కాబట్టి మొదట కొంత మెరుగు కనిపిస్తుంది, పూర్తి మెరుగు ఆ కలగలుపు కూతుళ్లు గుడ్డుకొచ్చాక కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలు.

ఆ తర్వాత మళ్లీ ఇదే గోతిలో పడకుండా, పిట్టల్ని నాలుగు అరలుగా పంచి కాళ్లకు నాలుగు రంగుల ప్లాస్టిక్ రింగులు వేయండి. ఆడపిల్లలు పుట్టిన అరలోనే ఉంటాయి. మగపిల్లలు ప్రతి తరంలో పక్క అరకు పోతాయి, ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి మళ్లీ ఒకటికి. మన ఇళ్లలో అత్తారింటికి ఆడపిల్లలు వెళ్తారు, ఇక్కడ ఇల్లరికం.

జాతికి ఆపుకొనే పిల్లల్ని ఏప్రిల్, మే గుడ్ల నుంచి తీసుకోకండి. ఆ గుడ్లు మాంసం బ్యాచ్‌కు వాడుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, 10 నుంచి 25 వారాల వయసున్న తల్లులు పెట్టిన గుడ్లు జాతికి. మీ అబ్బాయి చెప్పిందాంట్లో నిజం ఎంతున్నా దాని కోసం మీరు చేయగలిగిందీ ఇదే, ఖర్చు లేనిది.

పగలగొట్టిన గుడ్ల లెక్క, బస్తా చీటీ మీద ఏముందో నాకు రాయండి. మగ పిట్ట తగలని గుడ్లు వందకు 20 దాటితే కొత్త పిల్లల కోసం ఆగకండి, మీ బ్యాచ్‌లోంచే ఇంకో పన్నెండు మగ పిట్టల్ని రేపే అరలోకి వదలండి.